మెత్తని ముక్క వెనక లెక్క

గురుగ్రామ్‌లో ఒక పెద్ద రెస్టారెంట్ వంటగదిలో పనిచేసే ఏలూరు కుర్రాడు ఒకడు నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం గిరాకీ మొదలవకముందే నన్ను లోపలికి తీసుకెళ్లి, స్టీలు బల్ల మీద రెండు మాంసం ముక్కలు పక్కపక్కన పెట్టాడు. "బొటనవేలితో నొక్కి చూడన్నా," అన్నాడు. మొదటిది వెన్నెముక కింద, నడుము లోపలివైపు ఉండే కండ. హోటళ్లవాళ్లు అండర్‌కట్ అంటారు, మెనూలో టెండర్‌లాయిన్ అని వేస్తారు. బాగా నానిన పూరీ పిండిలా వేలు దిగిపోయింది. రెండోది తొడ కండ. వేలు దిగలేదు సరికదా, లోపల ఎవరో తాడు పేనిపెట్టినట్టు తగిలింది. రెండూ ఒకే గేదెవి.

అదే గేదె, అదే మేత. తేడా అంతా బతికినన్నాళ్లూ ఆ కండ చేసిన పనిలో ఉంది. తొడ రోజంతా ఒంటి బరువు మోస్తుంది, నడుస్తుంది, చెరువు బురదలోంచి పైకి లేపుతుంది. అండర్‌కట్‌కు అంత పని ఉండదు. కష్టపడే కండ గట్టి కట్లతో ఉంటుంది. కండపోగుల చుట్టూ కొల్లాజెన్ అనే ప్రోటీన్ తొడుగు ఉంటుంది. పని ఎంత ఎక్కువైతే తొడుగు అంత దట్టం. వయసు మీదపడేకొద్దీ ఆ కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు బలపడి వేడికి కూడా త్వరగా లొంగవు. లేతదా, ముదురుదా అని మనం మాంసం కొట్టు దగ్గర నిలబడి అడిగేది ఈ ముడుల గురించే.

కొల్లాజెన్‌కు విరుగుడు లేకపోలేదు. తడి ఉండాలి, వేడి 70 డిగ్రీలు దాటాలి, గంటలకొద్దీ సమయం ఇవ్వాలి. అప్పుడది కరిగి జెలటిన్ అవుతుంది. పాయా తాగాక పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయే, అది కరిగిన కొల్లాజెన్ చేసే పనే. కానీ ఆ వేడికి కండపోగుల గతి వేరు. మాంసంలో ఇంచుమించు నాలుగింట మూడొంతులు నీరే. 50 డిగ్రీల దగ్గర మయోసిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 65, 70 దాటితే ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ కూడా బిగుసుకుని, తడిబట్టను పిండినట్టు నీటిని బయటికి పిండేస్తుంది. ఒకే ముక్కలో ఒక పదార్థం ఎక్కువసేపు ఉడకబెట్టమంటుంది, ఇంకొకటి త్వరగా దించమంటుంది. మాంసం వండటమంటే ఈ పేచీ తీర్చడం. ప్రపంచంలో ఒక్కో ఊరు ఒక్కో రకంగా తీర్చింది. అందులో ఢిల్లీ తీర్చిన తీరు నాకు చాలా ఇష్టం.

దళసరి మాంసం ముక్కలను కాల్చి వడ్డించే అమెరికా స్టేక్‌హౌస్ ఈ పేచీని మొదట్లోనే తప్పించేసుకుంటుంది. కొల్లాజెన్ తక్కువున్న కండనే ఎంచుకుంటుంది. అందులోనూ కండ మధ్యలో సన్నని తెల్లని గీతల్లా కొవ్వు అల్లుకున్నదాన్ని వెతుకుతుంది. అక్కడి ప్రభుత్వ గ్రేడింగులో అన్నిటికన్నా పైనున్నదాన్ని ప్రైమ్ అంటారు. ఆ కొవ్వు కరిగి నాలుక మీద జారుతుంటే మాంసం ఉన్నదానికన్నా మెత్తగా అనిపిస్తుంది. ఆ మీదట కొన్నిచోట్ల మాంసాన్ని నీరు గడ్డకట్టే స్థితికి కాస్త పైన, చల్లని గదిలో మూడు నాలుగు వారాలు ఆరబెడతారు. పశువును కోసిన కొన్ని గంటలకు కండలోని గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ లాక్టిక్ ఆమ్లంగా మారి, శక్తి అయిపోయి, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి. తర్వాత కండలోనే ఉన్న కాల్పెయిన్ అనే ఎంజైములు ఆ పోగులను లోపలినుంచి మెల్లగా కోసుకుంటూ వస్తాయి. ఆ కోతకు కావలసిన వ్యవధి ఇవ్వడమే ఆరబెట్టడం.

మన దగ్గర పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు వరసలో నిలబడి, అప్పుడే కోసిన పొట్టేలు మాంసం తెచ్చి మధ్యాహ్నానికి వండేస్తాం. కండ బిగుసుకోవడం మొదలవకముందే పొయ్యెక్కితే ఫరవాలేదు. సగంలో ఎక్కితే మాత్రం ఎంత ఉడికినా రబ్బరే. ఇంట్లో ఆడవాళ్లు పచ్చి బొప్పాయి ముక్క వెతికేది అప్పుడే. ఆ బొప్పాయి దగ్గరికి మళ్లీ వస్తాను.

స్టేక్‌హౌస్ అనేది ఖరీదైన గొలుసు రెస్టారెంటుగా మారిన కథలో రూత్ ఫెర్టెల్ పేరు ముందు చెప్పుకోవాలి. లూసియానా రాష్ట్రంలో రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం చదివి, న్యూ ఆర్లీన్స్‌లో ఒక వైద్య కళాశాల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన ఆవిడ, 1965లో ఇల్లు తాకట్టు పెట్టి క్రిస్ స్టేక్ హౌస్ అనే హోటల్ కొన్నారు. 1976లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ పేరును ఇంకోచోట వాడకూడదన్న ఒప్పందం ఉండటంతో, కొత్త చోటికి మారాక ముందు తన పేరు చేర్చి రూత్స్ క్రిస్ అని పెట్టుకున్నారు. ఆ గొలుసు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేది మాంసం కాల్చే తన పొయ్యి, బ్రాయిలర్ గురించి. దాని వేడి దాదాపు 980 డిగ్రీలు. ఇందులో మంట మాంసాన్ని తాకదు. ఎర్రగా కాలిన పలకల నుంచి వచ్చే పరారుణ కిరణాలే కాలుస్తాయి. ఎండలో నిలబడితే గాలి చల్లగా ఉన్నా వీపు మండుతుందే, అదే రకం వేడి.

కిరణాల రూపంలో వచ్చే ఈ వేడికి ఒక విచిత్రమైన నియమం ఉంది. 19వ శతాబ్దం చివర స్టెఫాన్, బోల్ట్జ్‌మన్ అనే శాస్త్రవేత్తలు తేల్చినది. ఉష్ణోగ్రతను పరమశూన్యం నుంచి లెక్కపెడితే, వెలువడే శక్తి దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, పదహారు రెట్లు. ఇంట్లో కేకు చేసుకునే ఓవెన్ 180 డిగ్రీల దగ్గర ఉంటే, దాని గోడల నుంచి చదరపు మీటరుకు సుమారు 2.4 కిలోవాట్ల వేడి వస్తుంది. మంచి కాకమీద ఉన్న తందూర్‌ను 430 డిగ్రీలనుకుందాం. సెల్సియస్‌లో చూస్తే రెండున్నర రెట్లు కూడా లేదు. కిరణాల లెక్కలో మాత్రం సుమారు 14 కిలోవాట్లు, అంటే ఇంటి ఓవెన్‌కు దాదాపు ఆరింతలు. నడినెత్తిన సూర్యుడు నేల మీద కురిపించేది చదరపు మీటరుకు ఒక కిలోవాటు. తందూర్‌లో వేలాడే ముక్క మీద పద్నాలుగు సూర్యులు కాస్తున్నారన్నమాట, అదీ అన్ని వైపుల నుంచీ. రూత్ ఫెర్టెల్ బ్రాయిలర్ ఇంకో పదింతలు పైన ఉంటుంది. అందుకే అక్కడ నిమిషాల్లో పైపొర నల్లబడుతుంది.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. ఇక్కడ స్టేక్ అని పళ్లెంలో వచ్చేది ఏమిటో ముందు తెలియాలి. ఢిల్లీలో 1994 నాటి వ్యవసాయ పశు సంరక్షణ చట్టం, గురుగ్రామ్ ఉన్న హర్యానాలో 2015 నాటి గోవంశ చట్టం, నోయిడా ఉన్న ఉత్తరప్రదేశ్‌లో 1955 నాటి చట్టం ఆవును, ఎద్దును, దూడను కోయడాన్ని నిషేధిస్తాయి. గేదె వాటి పరిధిలో లేదు. కాబట్టి రాజధాని ప్రాంతంలో టెండర్‌లాయిన్ అంటే గేదెదే. గేదె మాంసంలో మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీన్ ఎక్కువ కనుక రంగు ముదురుగా ఉంటుంది. స్టేక్ కోస్తే పళ్లెంలోకి కారే ఎర్రని రసం కూడా నీటిలో కలిసిన ఆ మయోగ్లోబినే, చాలామంది అనుకునేట్టు రక్తం కాదు. గేదె కొవ్వు తెల్లగా ఉంటుంది. కారణం మన వంటింట్లోనే కనిపిస్తుంది. మేతలోని పసుపు కెరోటిన్‌ను ఆవు కొంత అలాగే వదిలేస్తుంది, గేదె విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది. ఆవు నెయ్యి పచ్చగా, గేదె నెయ్యి తెల్లగా ఉండటానికి కారణమే ఇక్కడా పనిచేస్తుంది. ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. గేదె కండలో ఆ సన్నని కొవ్వు గీతలు చాలా తక్కువ. పైగా మన దగ్గర మాంసానికి వచ్చేవాటిలో పాలిచ్చి పాలిచ్చి వట్టిపోయిన గేదెలు చాలా ఉంటాయి. అమెరికావాడు ఆధారపడే రెండు ఊతాలూ, కొవ్వూ లేత వయసూ, ఇక్కడ లేవు.

ఈ లోటును పూడ్చే తెలివి ఢిల్లీ తందూర్‌లో ఉంది. దాన్ని ఊరి మధ్యలోకి తెచ్చింది దేశ విభజన. 1947లో పెషావర్ నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, సహచరులు దరియాగంజ్‌లో మోతీమహల్ తెరిచారు. తందూరీ చికెన్ ఊరూరా పాకింది ఆ తర్వాతే. ఆ పెషావర్ సరిహద్దు ప్రాంతపు వంటనే 1970ల చివర్లో సర్దార్ పటేల్ మార్గ్‌లోని మౌర్య హోటల్ ఖరీదైన భోజనంగా మార్చింది. అక్కడి బుఖారా రెస్టారెంట్‌లో వంటగదికీ భోజనశాలకూ మధ్య అద్దమే గోడ. ఫోర్కులూ కత్తులూ పెట్టరు, మెడకు ఏప్రన్ కడతారు, చేత్తో తినమంటారు. మెనూ దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. అదే హోటల్ గొలుసు ఆగ్రాలో, ముంబైలో పెషావరి పేరుతో ఆ వంటనే వడ్డిస్తుంది. భారతదేశపు స్టేక్‌హౌస్ ఏదని ఎవరైనా నన్నడిగితే ఈ అద్దం గోడనే చూపిస్తాను.

ఆ అద్దం అవతల జరిగేదాన్ని నిదానంగా చూడండి. వంటవాడు ముక్కలు గుచ్చిన చువ్వను తందూర్‌లో నిలబెడతాడు. ఆ చువ్వ ఊరికే ముక్కల్ని పట్టుకోవడానికే కాదు. మాంసం వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. ముక్క మందం రెట్టింపైతే నడిమధ్యకు వేడి చేరే సమయం సుమారు నాలుగింతలవుతుంది. ఇనుము మాంసంకన్నా దాదాపు వంద రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. నిప్పుల దగ్గరున్న చివర నుంచి వేడి చువ్వ వెంబడి పాకి, ముక్కను కడుపులోంచి కూడా కాలుస్తుంది. గోడలు బయటినుంచి, చువ్వ లోపలినుంచి. అలా ముక్క నడిమికి వేడి వెళ్లే దూరం సగానికి తగ్గుతుంది.

సగం కాలాక చువ్వను బయటికి తీసి గోడకు ఆనించి వదిలేస్తాడు. కొత్తగా చూసేవాళ్లకు పని మధ్యలో ఆపేసినట్టుంటుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో పైపొరలో పోగుపడిన వేడి లోపలికి సర్దుకుంటుంది. వదులుగా ఉన్న నీరు కారిపోతుంది, పైభాగం ఆరుతుంది. ఆరడం చాలా అవసరం. తడి ఉన్నంతసేపూ ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు, నీరు మరిగిపోవడానికే వేడంతా ఖర్చవుతుంది. ఎర్రబడటం జోరందుకోవాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. అక్కడ చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వందలాది కొత్త వాసనలను పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ వివరించిన ఈ చర్య మనకు కొత్తేమీ కాదు. దోసె అడుగు ఎర్రగా కాలినా, వేరుశెనగలు వేగినా జరిగేది ఇదే. తందూర్ వంటకు పెరుగును బట్టలో కట్టి వేలాడదీసి నీరంతా పోయాకే పట్టించడం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక్కడ ఒక పాత అపోహ సంగతి చెప్పాలి. మాంసాన్ని పెద్ద మంట మీద ముందుగా కాలిస్తే పైన పొర కట్టి రసాన్ని లోపలే బంధిస్తుందని ఇప్పటికీ చాలామంది వంటవాళ్లు చెప్తారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన మాట అది. తర్వాత తూకం వేసి చూసినవాళ్లకు నిజం వేరుగా తేలింది. పొర ఏ రసాన్నీ ఆపదు. పెనం మీద చుయ్యిమనే చప్పుడు నీరు బయటికి పోతున్న చప్పుడే. పెద్ద మంట ఇచ్చేది రుచి, వాసన. రసం నిలవాలంటే లోపలి వేడిని అదుపులో పెట్టాలి.

ఇంతకీ మెత్తదనం మాటేమిటి? అది నిప్పు దగ్గరికి రాకముందు, ముందురోజే మొదలవుతుంది. హోటల్ వంటగదుల్లో దీన్ని ఫస్ట్ మ్యారినేషన్, సెకండ్ మ్యారినేషన్ అంటారు. మొదటిది ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, అవసరమైతే పచ్చి బొప్పాయి. రెండోది పెరుగు, మసాలా. పచ్చి బొప్పాయి పాలలో పపెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. స్టేక్‌హౌస్‌లో కాల్పెయిన్‌లు వారాల తరబడి చేసే కోతను ఇది గంటల్లో చేసేస్తుంది. 60, 70 డిగ్రీల దగ్గర దీని జోరు ఇంకా ఎక్కువ. అందుకే పొయ్యెక్కాక కూడా కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. కాయ పండేకొద్దీ పాలు తగ్గుతాయి కాబట్టి పండు పనికిరాదు. దీనితో ఒక ఇబ్బంది ఉంది. ఎంజైమ్ లోతుకు దిగదు. ఎక్కువ వేస్తే పైన పిండిలా అయిపోతుంది, లోపల నార అలాగే మిగులుతుంది. చికెన్‌కు, తొడ మాంసానికి కత్తితో లోతుగా గాట్లు పెట్టేది అందుకే.

హర్యానా, రాజస్థాన్ పల్లెల్లో బొప్పాయి పనే కచ్రీ చేస్తుంది. మన బుడందోసకు దగ్గర బంధువులాంటి చిన్న అడవి కాయ అది. ఎండబెట్టి పొడి కొట్టి మాంసానికి పట్టిస్తారు. ఇది ఉత్త నమ్మకమా, నిజమా అని మన దేశపు శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. నవీన, మెందిరత్త, ఆంజనేయులు 2004లో 'మీట్ సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, వట్టిపోయిన గేదె తొడ మాంసానికి కచ్రీ, అల్లం, పపెయిన్ విడివిడిగా పట్టించి చూశారు. మూడూ మాంసాన్ని మెత్తబరిచాయి. కొల్లాజెన్ మరింత తేలిగ్గా కరిగింది. పపెయిన్‌కు బదులు కచ్రీ వాడుకోవచ్చని తేల్చారు. ఆ ముగ్గురిలో నవీన తర్వాత పనిచేసింది హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రంలో. మనం వాసన కోసమే అనుకుంటూ వేసే అల్లంలో కూడా అటువంటి ఎంజైమే ఉందని చదివిన రోజు, మా అమ్మ మటన్‌కు అల్లం దండిగా దంచి ముందే పట్టించి పెట్టడం గుర్తొచ్చి చాలాసేపు సంతోషంగా అనిపించింది.

మరి తొడ మొత్తాన్నీ ఎముకతో సహా కాల్చాలంటే? బుఖారా వంటల్లో పేరున్న సికందరీ రాన్ దీనికి జవాబు. గొర్రెపిల్ల తొడకు గాట్లు పెట్టి, మసాలాలో నానబెట్టి, మొదట తడి వేడిలో నెమ్మదిగా మగ్గిస్తారు. అక్కడ కొల్లాజెన్ కరిగిపోతుంది. తర్వాతే చువ్వకు గుచ్చి తందూర్‌లోకి దించుతారు. అక్కడ పైపొర ఎర్రబడుతుంది. మొదట్లో చెప్పిన పేచీ లాంటిదే ఇక్కడా ఉంది, కొల్లాజెన్ ఎక్కువసేపు ఉడకబెట్టమంటుంది, పైపొర పెద్ద మంట కోరుతుంది. రాన్ వండేవాడు రెండు కోరికలనూ విడదీసి, రెండు చోట్ల, రెండు వేళల్లో తీరుస్తాడు. స్టేక్‌హౌస్ మెత్తని కండను కొనుక్కుంటుంది. ఇక్కడ ముదురు కండనే మెత్తగా చేసుకుంటారు. నాకీ రెండోదే పెద్ద విద్య అనిపిస్తుంది.

మన హైదరాబాదుకూ ఇటువంటి విద్య ఒకటి ఉంది, పత్తర్ కా గోష్త్. పల్చగా కోసిన మేక మాంసానికి పచ్చి బొప్పాయి, మసాలా పట్టించి, బొగ్గుల మీద కాగిన గ్రానైట్ పలక మీద పరుస్తారు. ఇక్కడ కిరణాల పాత్ర తక్కువ. రాయిని తాకిన చోటల్లా నేరుగా వేడి ఎక్కుతుంది. రాయి ఇనుములా వేడిని ఒక్కసారిగా వదిలేయదు, దాచుకుని నిలకడగా ఇస్తుంది. చల్లని ముక్క పడ్డా పలక చప్పున చల్లారదు, ముక్క మాడిపోదు. 

ఢిల్లీలో తందూర్‌కు ఇప్పుడొక కొత్త పరీక్ష వచ్చింది. చలికాలంలో గాలి నాణ్యత సూచీ 200 దాటగానే రాజధాని ప్రాంతంలో అంచెలవారీ ఆంక్షలు మొదలవుతాయి. మొదటి అంచెలోనే హోటళ్లు, రెస్టారెంట్లు, రోడ్డు పక్క ధాబాలు తందూర్‌లో బొగ్గు, కట్టెలు వాడకూడదు. గ్యాస్‌కో కరెంటుకో మారాలి. రుచి పోతుందని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది కానీ భౌతికశాస్త్రం ధైర్యమే చెప్తోంది. ముక్కను కాల్చేది మట్టి గోడ విరజిమ్మే కిరణాలు. గోడ 430 డిగ్రీలకు చేరితే చాలు, దాన్ని చేర్చింది బొగ్గా గ్యాసా అనేది కిరణాలకు తెలియదు. పొగవాసన సంగతి? బొగ్గు తయారయ్యేటప్పుడే కట్టెలోని వాసన పదార్థాలు చాలామటుకు కాలిపోతాయి. మనం తందూర్ వాసన అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్క నుంచి కారిన వెన్న, రసం నిప్పుల మీద పడి ఆవిరై తిరిగి ముక్కకే పట్టిన పొగ. పూటకు ఆరేడు గంటలు తందూర్ మూతి మీదికి వంగి నిలబడే మనిషి ఊపిరితిత్తులను కూడా ఈ లెక్కలో వేసుకోవాలి. బొగ్గు పొగలోని సన్నని నుసి, కార్బన్ మోనాక్సైడ్ ముందుగా చేరేది అతనికే.

ఏలూరు కుర్రాడు పనిచేసే చోట కూడా తందూర్ గ్యాస్‌కు మారింది. అడుగున బర్నర్, దాని పైన రాళ్లు, చుట్టూ పాత మట్టి గోడే. "చెయ్యి ఒక్క క్షణం పెట్టి తీసెయ్యన్నా," అన్నాడు. తీసేలోపే చేతి వెంట్రుకలు మాడిన వాసన వచ్చింది. అతను నాలుగు చువ్వలు దించాడు. కాసేపటికి తీసి గోడకు ఆనించాడు, కుంచెతో వెన్న పూసి మళ్లీ దించాడు. ఒక బొట్టు జారి కింద రాయి మీద పడింది. చిన్న నీలి పొగ లేచి, చువ్వ పొడవునా పాకి, పై ముక్క దాకా వెళ్లింది. అతను వంగి వాసన చూసి, "వచ్చేసిందన్నా," అని చువ్వ పైకి లాగాడు.